ఏ నీలం అని అడిగారు

9 జనవరి 1962, మంగళవారం

స్కూలు నుంచి వచ్చేసరికి షాజాదీ బేగం గారు మా అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఒళ్ళో మూట.

మా రెండిళ్ళకీ మధ్య నాలుగు గడపలు. నాలుగేళ్ళుగా ఎవరూ వాటిని దాటలేదు. మా తమ్ముడు క్రీస్తురాజు ఆమె కూతురు నూర్జాన్‌ని పెళ్ళి చేసుకుని మనుబోలు వెళ్ళిపోయినప్పటి నుంచి ఇంతే. ఆమె భర్త ఇమామ్ సాహెబ్ గారు టైలరు. కూతురి పేరు ఇంట్లో ఎత్తకూడదన్నారు. మా అమ్మ కొడుకుని చూడకుండానే పోయింది. వాడు మర్నాడు వచ్చాడు. వాడి ఉత్తరాలకు నేను జవాబు రాయను.

నూర్జాన్‌కి ఆరో నెలట. బిడ్డకు బొంత కుట్టాలట. మూటలో ఉన్నవి షాపులో మిగిలిన గుడ్డముక్కలు. ఆమె కళ్ళకు పొరలు వచ్చాయి. పొర ఇంకా ముదరాలి, అప్పుడే కోస్తామన్నాడట నెల్లూరు డాక్టరు.

"నల్లదీ నీలందీ నాకు ఒకటే మాదిరి అగపడతాండాయి టీచరమ్మా. నువ్వు రంగులేరి చేతికియ్యి, కుట్టేది నేను కుడతా" అన్నారు.

నేనే ఎందుకని అడిగాను.

"ఆ బిడ్డకు మేనత్తవి నువ్వే గదా."

సరే అనలేదు. మూట మాత్రం వదిలేసి వెళ్ళారు.

11 జనవరి

గుడ్డముక్కలన్నీ చేపల్లా ఈదుతున్నట్టు కల.

21 జనవరి, ఆదివారం

చర్చి నుంచి వచ్చి మూట విప్పాను. చూద్దామని మాత్రమే. పాప్లిను, పూల చీటీగుడ్డ, గళ్ళ లుంగీ అంచులు, ఎవరి పెళ్ళి జాకెట్టుదో అరచేయంత పట్టు. మంచమంతా పరిచేసరికి మధ్యాహ్నమైంది. అన్నం చల్లారిపోయింది.

బేగం గారు వచ్చి ఒక ముక్క తీసుకుని ఏం రంగన్నారు. నీలం అన్నాను. ఏ నీలం అన్నారు. నీలమేనండీ అన్నాను.

"పన్నెండేండ్లుగా పిలకాయలకు చదువు చెప్తుండావు, నీకు తెలిసింది ఒక్క నీలమేనా? పొద్దున్నే సముద్రం కాడికి పోయి చూసి రాపో."

కోపం వచ్చింది. ఆ ముక్క ఎండలోకి తీసుకెళ్ళి చూశాను. నిజంగానే నా దగ్గర మాట లేదు.

24 జనవరి, ఉదయం 6

వెళ్ళాను. తెల్లారకముందు సముద్రానికి రంగే లేదు, చప్పుడే. తర్వాత పలక రంగు వచ్చింది. ఆ తర్వాత పలకని తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వని రంగు. సూర్యుడు పైకొచ్చాక అలల కింద పచ్చ. అది ఆకుపచ్చ కాదు, సీసాపచ్చ. వచ్చేదారిలో ఉప్పుమళ్ళు గులాబీగా ఉన్నాయి. ఇన్నేళ్ళూ వాటి పక్కనుంచే స్కూలుకి నడిచాను.

పరుగున పోయి చెప్పాను. ఫస్టు బెల్లు మిస్సయింది. బేగం గారు కళ్ళు మూసుకుని విన్నారు. ఆ తడి పలక రంగు ముక్క మూటలో ఎక్కడుందో వెతకమన్నారు. ఉంది. ఎవరి స్కూలు లంగా ముక్కో.

4 ఫిబ్రవరి

ఇప్పుడు రంగులకు మా పేర్లు మావి. ఉప్పుమడి. ఎండిన వల. వానకు ముందు తాటిమాను. చీకట్లో ఇసుక.

18 ఫిబ్రవరి, ఆదివారం

రంజాను మాసం. ఉపవాసంతోనే కుడుతున్నారు. సూదిలో దారం నేనెక్కిస్తాను. ఆమె వేళ్ళు అంచు తడుముకుంటూ పోతాయి, కుట్టు గీత గీసినట్టు వస్తుంది. చూస్తూ ఉంటే నిద్రలాంటిదేదో కమ్ముతుంది.

ఆ మత్తులోనే అడిగేశాను, మా అమ్మ పోయినరోజు మీరెందుకు రాలేదని. సూది ఆగింది.

"వచ్చినానమ్మా. సరుగుడు తోపులో నిలబడుకోని, పెట్టె మలుపు తిరిగేదాకా చూసినా. నీ ముందరికి రావాలంటే ఏం మొహం పెట్టుకోని వచ్చేది?"

తోపు వైపు ఆరోజు నేను చూడనేలేదు.

19 ఫిబ్రవరి

తమ్ముడికి కార్డు రాశాను. రెండు వాక్యాలు.

17 మార్చి, శనివారం

ఎరుపు లేదు. నడుమ ఎర్రటి చదరం లేకపోతే బొంత అంతా నీటిలో కరిగిపోయేలా ఉంది. మూట మూడుసార్లు తిరగేశాను. బేగం గారు ఇంట్లో మాటవరసకి, ఎర్రముక్కలేమైనా పడినాయా అని అడిగారట. విడవలూరులో ఎవరికో బొంత అని భర్తకు చెప్పి ఉంచారు. లేవన్నారట ఆయన.

20 మార్చి

ఈరోజు ఆమె తెచ్చిన చెత్తముక్కల్లో ఎరుపు ఉంది. దానిమ్మపువ్వు ఎరుపు. తొమ్మిది ముక్కలు.

అవి చెత్తముక్కలు కావు. కొత్త గుడ్డ. అంచులు నిటారుగా కోసి ఉన్నాయి. తొమ్మిదీ ఒకే కొలత. ఒకదాని మీద సుద్దగీత చెరగలేదు. చేత్తో తడిమితే రంగు తెలియదు, సుద్ద అసలే తెలియదు. ఆమెకు కనిపించవని తెలిసిన మనిషి కోశాడు వాటిని.

చెప్పాలా వద్దా అని చాలాసేపు కూర్చున్నాను. చెప్పాను.

ఆమె ఆ తొమ్మిదీ ఒకదాని మీదొకటి పేర్చారు, మూలలు కలిపి చూశారు. "ఆయనకు తెలుసునన్నమాట" అన్నారు. ఆరోజుకి కుట్టలేదు.

21 ఏప్రిల్, శనివారం

తమ్ముడి ఉత్తరం. ఆడపిల్ల. పంతొమ్మిదిన.

బొంతకి చివరి అంచు సాయంత్రం అయిపోయింది. ఉతికి తీగ మీద ఆరేశాం. గాలికి ఉబ్బినప్పుడు నాలుగు ఇళ్ళ దాకా కనిపించింది. ఇమామ్ సాహెబ్ గారు షాపు ముందు నిలబడి కత్తెర పట్టుకుని అటే చూస్తున్నారు. నేను చూశానని తెలిసి లోపలికి వెళ్ళిపోయారు.

28 ఏప్రిల్, శనివారం

మనుబోలు బస్సు దాకా వస్తానన్నారట ఇమామ్ సాహెబ్ గారు, అంతవరకే. బొంత మూట ఆయన చేతిలో ఉంది. మేమిద్దరం ఎక్కాం. మూట కిటికీలోంచి ఇవ్వమన్నాను. వినిపించనట్టు నిలబడ్డారు. కండక్టరు ఈల వేశాడు. బస్సు కదిలింది.

బేగం గారు నా చెయ్యి పట్టుకుని, మూట ఇచ్చినాడా అని అడిగారు.

లేదన్నాను. ఫుట్‌బోర్డు మీద నిలబడి ఉన్నారన్నాను. మూట గుండెకు ఆనించుకుని.

29 ఏప్రిల్, మనుబోలు

ఇమామ్ సాహెబ్ గారు నిద్రపోతున్న బిడ్డ పక్కన కూర్చుని జానతో దాని పొడుగు కొలుస్తున్నారు. రెండు జానలు, నాలుగు వేళ్ళు. మళ్ళీ మొదటినుంచి కొలుస్తున్నారు.