దనిత్సాకు వినిపించని ఆఖరి అధ్యాయం

పుంతా అరేనాస్ పట్టణ కాపురస్తురాలు, రొట్టెల వ్యాపారి, ఎర్మెలిండా బార్రియా మన్సిల్లా అనే నేను, డెబ్బై ఒకటో ఏట, మోకాళ్ళు తప్ప తక్కినవన్నీ నా స్వాధీనంలో ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, నోటరీ గారి ఎదుట చెప్పి రాయించుకున్న వీలునామా ఇది. నాకు సంతానం లేదు, తోబుట్టువులు లేరు. చట్టప్రకారం నా ఆస్తిలో వాటా అడగగలవారు ఎవరూ లేరు. భర్త పేరు రాయాల్సిన చోట గుమాస్తా ఒక గీత గీశాడు. ఆ గీత కింద ముప్పై ఏళ్ళ కాపురం ఉందని నమోదు చేయిస్తున్నాను. ఆమె పేరు దనిత్సా మత్కోవిచ్.

1. రొట్టెల కొట్టు, దాని వెనక నేనుంటున్న గది, రొట్టెలు కాల్చే బట్టీ, పిండి బల్ల, త్రాసు, ఇవన్నీ దనిత్సా మేనకోడలు యస్నా మత్కోవిచ్‌కు సర్వహక్కులతో చెందాలి. ఈ వీలునామా అమలు జరిపించే బాధ్యత కూడా ఆమెదే. బట్టీ ఎడమ వైపు ఎక్కువ కాలుస్తుంది. మధ్యలో ఒకసారి రొట్టెల రేకులు తిప్పాలి. నాకు ఎవరూ చెప్పలేదు, చాలా రొట్టెలు మాడ్చి నేర్చుకున్నాను.

2. ‘పడమటి గది’ అనే నవల రాసిన రచయిత్రికి నా ఆస్తిలో ఏమీ రాదు. ఆమె నన్నెరగదు. అయినా ఆమెతో ఒక తగువుంది.

చక్కెర జబ్బుతో దనిత్సా చూపు మందగించాక, మధ్యాహ్నం రొట్టెలు అమ్ముడైపోగానే నేనే ఆ పుస్తకం పైకి చదివేదాన్ని. గొర్రెల మైదానం మధ్య ఒక మేడ. అందులో ఆర్తెమియా దొరసాని. పిల్లలకు చదువు చెప్పడానికి వచ్చిన లూజ్ పంతులమ్మ. ఇద్దరూ ప్రేమించుకుంటారు. దొరసాని చచ్చిన మొగుడు దెయ్యమై, తాళం వేసిన పడమటి గదిలో తిరుగుతుంటాడు. దనిత్సాకు వాళ్ళు పక్కింటివాళ్ళైపోయారు. లూజ్ దీపం పట్టుకుని ఆ గది వైపు నడిచినప్పుడల్లా బల్ల మీద కొట్టేది: “ఒసే తింగరిదానా, మళ్ళీ అక్కడికేనా? బయట అంత మైదానం తగలడిందిగా, పారిపోవే!”

వాళ్ళ మొదటి ముద్దు దగ్గర, “మళ్ళీ చదువు” అంది.

వినబడలేదా అన్నాను.

“వినబడింది కాబట్టే మళ్ళీ చదవమంటున్నా.”

ఒక్క అధ్యాయం మిగిలింది. ఇలాంటి పుస్తకాల్లో మేడ ఎప్పుడూ తగలబడుతుంది, ఇదీ అంతే అన్నాను. దనిత్సా ఒప్పుకోలేదు. “కాలదు. ఇద్దరూ ఓడెక్కి పోతారు. ఎంత పందెం?” అంది. మర్నాడు పొద్దున బట్టీ దగ్గర పడిపోయింది.

3. మేమిద్దరం కాపురమున్న ఇంటి గురించి రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. అది దనిత్సా పేరున ఉండేది. ఆసుపత్రిలో రక్తసంబంధీకులు సంతకం పెట్టాలన్నారు. ఆమె అన్న ఆంతే మత్కోవిచ్ పెట్టాడు, పెట్టి దనిత్సాను తన ఇంటికి తీసుకుపోయాడు. నేను పుస్తకం పట్టుకుని వెళ్తే గేటు దగ్గరే నిలబెట్టాడు.

“చూడమ్మా, మీరు మా చెల్లెలింట్లో అద్దెకున్నావిడ. ఇది మా ఇంటి విషయం. మీరు శ్రమపడొద్దు” అన్నాడు. మర్యాదగానే అన్నాడు. గొంతు పెంచి ఉంటే నేనూ పెంచేదాన్ని.

ఆ చలికాలమంతా ఆ గేటు నాకు తెరుచుకోలేదు. చివరికి ఒకరోజు యస్నా కొట్టుకి వచ్చింది. “అత్త పొద్దున్న పోయింది పిన్నీ. నీకు చెప్పొద్దన్నారు నాన్న” అని, కొన్న రొట్టెలు బల్ల మీదే మరిచి వెళ్ళిపోయింది. ఆ పిల్ల నన్ను పిన్నీ అనడం అదే మొదలు. వసంతానికి ముందే ఇల్లు అమ్మేశారు.

ఆఖరి అధ్యాయం అప్పుడు ఒక్కదాన్నే చదివాను. మేడ తగలబడింది. దొరసాని అందులో కాలిపోయింది. కానీ ప్రతి చలికాలం ఆమె వచ్చి కిటికీ అద్దం మీద చెయ్యి ఆనిస్తుందట. లూజ్‌కు ఆ మాత్రం చాలునట.

రచయిత్రిగారూ, మంటలు మింగగలను. ఆ కిటికీ నాకు మింగుడుపడదు. నేనూ మరుసటి చలికాలమంతా కిటికీ గడియ తీసి ఉంచాను, ఈ ఊళ్ళో, ఈ మంచుగాలికి. పిండి గడ్డకట్టింది, నాకు దగ్గు పట్టుకుంది, ఆమె రాలేదు. ఇద్దరు ఆడవాళ్ళను విడదీయడానికి మీరు అంత శ్రమపడి ఒక దెయ్యాన్ని తయారుచేశారు. మాకు బతికున్న అన్నయ్య, ఒక ఆసుపత్రి కాగితం సరిపోయాయి.

4. నన్ను దనిత్సా నీలం ఉన్ని కోటులో పూడ్చాలి. నాకు పొట్టి, చేతులు బయటికి వస్తాయి. అయినా అదే తొడగాలి. దనిత్సాను ఉంచిన మత్కోవిచ్‌ల సమాధి గదిలో నాకు చోటు లేదు, నేను అడగలేదు. సామాన్యుల వరసలో ఎక్కడైనా సరే. ప్రార్థన క్లుప్తంగా ముగించమనండి.

5. ఆంతే మత్కోవిచ్‌కు ‘పడమటి గది’ పుస్తకం ఇస్తున్నాను. కారణం రాయిస్తున్నాను. నిరుడు ఆయన కొట్టుకి వచ్చి, టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. “అమ్మా, ఒక మాట. చెల్లి ఆఖరి రోజుల్లో ఒకటే అడిగేది, ఇల్లు కాలిందా, ఓడెక్కారా అని. ఏ ఇల్లు? ఏ ఓడ? మతి చలించిందనుకున్నాం. మీకేమైనా తెలుసా?” అన్నాడు.

నేను ఆయన రొట్టెలు తూచి ఇచ్చాను.  నోరు తెరిస్తే ఆగేది కాదు.

కనుక సమాధి గది తాళంచెవి ఉన్న ఆంతే మత్కోవిచ్, తలుపు తీసి లోపలికి వెళ్ళి, తన చెల్లెలికి ఆఖరి అధ్యాయం పైకి చదివి వినిపించాలి. దొరసానీ పంతులమ్మా కౌగిలించుకున్న చోటు దాటవేయకూడదు. మేడ కాలితే కాలినట్టే చదవాలి. పందెం ఓడినా సహిస్తుంది గానీ దనిత్సా అబద్ధం సహించదు. యస్నా గుమ్మం దగ్గర నిలబడి వినాలి. ఇందుకు ఆయనకు ఏ ప్రతిఫలమూ లేదు. చదివినంత మాత్రాన నేను క్షమించినట్టు కాదు. చదవనంటే ఆ మాట అక్కడే, ఆమె శవపేటిక ఎదుట చెప్పాలి.

గట్టిగా చదవాలి. ఆమెకు ఎడమ చెవి సరిగా వినపడదు.

పుంతా అరేనాస్, 2009 జూన్ 18.

(సంతకం) ఎర్మెలిండా బార్రియా మన్సిల్లా

సాక్షులు:
ఒనోఫ్రే కార్కామో, చెప్పులు కుట్టేవాడు
రుపెర్తా అగిలా, మందుల కొట్టు
లిసాండ్రో విద్లో, పోస్టుమాన్