దిగేటప్పుడు అరిచే బండి

అరకు,
శుక్రవారం.

అప్పకు నీ చెల్లెలు సుభద్ర నమస్కరించి రాసేది. ఇక్కడ నేను, మా అమ్మాయి రాజ్యం, మనవడు జగదీషు ఆరోగ్యంగా ఉన్నాం. అక్కడ నీ మోకాలి నొప్పి, బావగారి దగ్గు ఎలా ఉన్నాయో దాచకుండా రాయి. పోయినసారి "అంతా బాగే" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. నేను నమ్మలేదు.

ఈ సంగతి ఫోనులో చెప్పేది కాదు. నీకు వినపడాలంటే నేను అరవాలి, అరిస్తే ఇల్లంతా వింటుంది. అందుకే ఉత్తరం.

నేను కొండ మీదికి వచ్చి ఎనిమిది నెలలైంది. మంచు పది గంటలదాకా విడవదు. చీరలు రెండు రోజులకు గాని ఆరవు. కుక్కరులో కందిపప్పు అక్కడికంటే ఒక కూత ఎక్కువ అడుగుతుంది. సంతలో రాజ్మా గింజలు బాగుంటాయి, తూకం మాత్రం నా కళ్ల ముందే వేయించుకుంటాను. పేపరు మధ్యాహ్నానికి వస్తుంది. వచ్చాక దాని మీద వాదించడానికి నువ్వుండవు. అదొక్కటే లోటు. మిగతా అంతా బాగానే ఉంది, బెంగ పెట్టుకోకు.

జగదీషుకు ఆరు బండ్లున్నాయని నీకు తెలుసు. టూరిస్టులను కింది నుంచి తేవడం, మళ్లీ దించడం పని. డీజిలు ఖర్చు తట్టుకోలేక వేసవిలో ఒక సాఫ్టువేరు పెట్టించాడు. ప్రతి బండిలోనూ స్టీరింగు కింద చిన్న డబ్బా ఉంటుంది. బండి ఎక్కడ ఆగింది, ఎంతసేపు ఆగింది, ఎంత వేగంతో పోయింది, ఇంజను ఎంత గట్టిగా తిరిగింది, అన్నీ అది జగదీషు ఫోనుకు చేరవేస్తుంది. నియమాలను "పాలసీ" అంటారట. నేను ఇన్నాళ్లూ పాలసీ అంటే జీవిత బీమాయే అనుకున్నాను. నియమం తప్పిన ప్రతిసారీ డ్రైవరుకు మార్కులు తగ్గుతాయి. మూడు నెలలు వరసగా ఆఖరున ఉన్నవాడికి పని పోతుంది. డీజిలు తగ్గిన మాట నిజమే. నేను కూడా లెక్క చూశాను.

ఆ మార్కుల పట్టిక ఇంగ్లీషులో వస్తుంది. రోజూ పొద్దున్నే దాన్ని పుస్తకంలోకి ఎక్కించి షెడ్డులో తెలుగులో చదివి వినిపించే పని, బండ్ల మరమ్మతుల పుస్తకం రాసే పని నాకు అప్పగించాడు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని, నాకిది కొత్తా? మొదట్లో నా అనుమానం డబ్బా మీద కాదు, డ్రైవర్ల మీద. అందులోనూ సోమన్న మీద.

సోమన్నది డుంబ్రిగుడ వైపు. ఇరవై ఏళ్లుగా ఘాటు రోడ్డు మీదే బతుకుతున్నాడు. అయినా రోజూ అతనే ఆఖరు. దిగేటప్పుడు దారి మధ్యలో ఊట దగ్గర పది నిమిషాలు ఆపుతాడు, ఇంజను అతిగా తిప్పుతాడు. ఈ రెండూ డబ్బా పట్టేసిన తప్పులు. ఊట పక్కన కల్లు దొరుకుతుందని ఎవరో అన్నారు. ఒక రోజు తిరిగి రాగానే నిలబెట్టి నోరు వాసన చూశాను. ఏమీ లేదు. అయినా నమ్మలేదు.

"నిన్న కూడా నలభయ్యేనా మామ్మగోరు?" అన్నాడు ఒక పొద్దున, పట్టిక వినగానే. "మా గుంటకి లెక్కల్లో అంతకన్నా ఎక్కువొచ్చినాయి."

"నవ్వులాట కాదు. ఇంజనును అలా ఎందుకు అరిపిస్తావు?"

"దిగువకి దిగినప్పుడు బండి అరవాల. అరవకపోతేనే బయం."

"మరి మధ్యలో ఆపడం ఎందుకు?"

"బ్రేకులు సల్లారాల గదా. నానూ కూసింత నీలు తాగుతాను."

బడిలో ఇలాంటి సాకులు చాలా విన్నాను. ఇదీ అలాంటిదే అనుకున్నాను. ఈ నెలాఖరుతో అతనికి మూడో నెల నిండుతుంది. కూతురు కాలేజీలో చేరింది కూడా ఈ ఏడే. తెలిసీ నేను జగదీషుతో ఒక్క మాట అనలేదు.

పోయిన మంగళవారం కంటి డాక్టరు కోసం ఎస్.కోట వెళ్లవలసి వచ్చింది. పైడిరాజు బండి ఎక్కాం, నేనూ రాజ్యమూ. జగదీషు డ్రైవర్లలో ఎప్పుడూ మొదటి మార్కు అతనిదే. ఘాటు దిగడం మొదలైన కాసేపటికి బండి నిశ్శబ్దమైపోయింది. చెట్ల మీద నీళ్లు కారే చప్పుడు కూడా వినపడుతోంది. "ఎంత మెత్తగా నడుపుతున్నావయ్యా" అని నేనే మెచ్చుకున్నాను.

నాలుగు మలుపులు దాటాక కాలిన వాసన వచ్చింది. ఎదురుగా బస్సు వస్తోంది. పైడిరాజు బ్రేకు తొక్కాడు. బండి తగ్గలేదు. మళ్లీ తొక్కాడు, మళ్లీ తొక్కాడు. ఆఖరికి హ్యాండు బ్రేకు లాగి కొండ వైపు కాలువలోకి దింపేశాడు. బస్సు మమ్మల్ని రాసుకున్నంత దగ్గరగా పోయింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు, రాజ్యం మోచేయి కొంచెం గీరుకుంది, అంతే. నువ్వు కంగారుపడకు.

"ఏం చేశావురా?" అని అడిగాను.

ఏడుపు ఒక్కటే తక్కువ అతనికి. "నూట్రల్లో దించినానండి. గేర్లో దింపితే ఇంజను అరుత్తాది, అరిత్తే ఆ డబ్బా మార్కులు కోసేత్తాది. అందరం ఇలగే సేత్తన్నాం మామ్మగోరు. ఆ సోమన్నొక్కడే మొండోడు."

నేను రాజ్యాన్ని దింపి రోడ్డు పక్కన కూర్చోబెట్టాను.

కాసేపటికి పైనుంచి ఒక బండి గీపెడుతూ వచ్చింది. చూడకుండానే ఎవరిదో తెలిసింది. సోమన్న ఖాళీ బండితో టూరిస్టుల కోసం దిగుతున్నాడు. ఆపి, కాలువలోని బండి చక్రాలకు రాళ్లు పెట్టి, మమ్మల్ని ఎక్కించుకుని రెండో గేరులో, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంటే బ్రేకు అరుదుగా తొక్కుతూ, ఎస్.కోట దాకా దించాడు. ఆ రొదలో రాజ్యం నిద్రపోయింది.

మర్నాడు పట్టిక వచ్చింది. పైడిరాజుకు తొంభై నాలుగు. బండి చెడిపోయిందని ఫోనులో నొక్కే మీట ఒకటి ఉందట, నొక్కితే ఆగినందుకు మార్కులు పోవు. సోమన్నకు ముప్పై ఎనిమిది, అనుమతి లేకుండా నలభై నిమిషాలు ఆగినందుకు.

నేను చదవనన్నాను.

"అమ్మమ్మా, డేటా అబద్ధం చెప్పదు" అన్నాడు జగదీషు.

"చెప్పిందని నేననలేదు. సోమన్న ఆగాడు, నిజమే. ఎవరి కోసం ఆగాడో అందులో ఉందా?"

మరమ్మతుల పుస్తకం తెప్పించాను. ఈ మూడు నెలల్లో పైడిరాజు బండికి బ్రేకు ప్యాడ్లు మూడుసార్లు మార్చారు. సోమన్న బండికి ఒక్కసారీ లేదు. మార్కుల పుస్తకమూ నా చేతి రాతే, మరమ్మతుల పుస్తకమూ నా చేతి రాతే. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలని ఇన్నాళ్లూ నాకే తోచలేదు.

జగదీషు రెండు పుస్తకాలూ తిరగేశాడు. తర్వాత సాఫ్టువేరు వాళ్లకు ఫోను చేశాడు. ఆ నియమం మైదానం రోడ్ల కోసం రాసిందట, ఘాటు వరకు తీసేస్తామన్నారు. ఒక్క మధ్యాహ్నంలో తీసేశారు కూడా. ఊట దగ్గర ఆగడానికి జగదీషే అనుమతి రాసిచ్చాడు. పాత మార్కులు కొట్టేయించాను.

మర్నాడు సోమన్నకు ఎనభై ఎనిమిది వచ్చింది. చదివితే ముఖం చిట్లించాడు. "నిన్న ముప్పయ్యెనిమిది, ఇయ్యాల ఎనభయ్యెనిమిది. నానేటి, ఒక్క రాత్రిలో డ్రైవింగు నేర్సీసినానా?"

నా అనుమానమూ అదే. ఇంత బేగి మాట మార్చేదాన్ని నేను నమ్మను. మూడు నెలలు ఆ మార్కులు చదివిన గొంతు నాది గనక అందరి ముందూ అతనికి క్షమాపణ చెప్పుకున్నాను.

"ఒగ్గియ్యండి మామ్మగోరు" అన్నాడు. "నోరు వాసన సూసినారే, అదొక్కటే మర్సిపోను."

షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను, సిగ్గుతోనే.

అక్కడ పేటలో దొరికే పొడుగు గీతల లెక్కల పుస్తకాలు రెండు పంపు. మార్కుల పక్కనే బ్రేకుల వరస కూడా గీయాలి. కాలువ సంగతి అన్నయ్యకు చెప్పకు, మర్నాడే వచ్చి నన్ను తీసుకుపోతానంటాడు. అన్నయ్యకు, వదినకు, బావగారికి నా నమస్కారాలు. పిల్లలకు దీవెనలు.

కార్తీకంలో వస్తానన్నావు, తప్పక రా. తిరిగి వెళ్లేటప్పుడు సోమన్న బండిలోనే పంపుతాను. ఒకవేళ అతను దొరక్క వేరే బండి ఎక్కితే, నీ చెవి మిషను తీసి సంచిలో పెట్టకు. దిగేటప్పుడు బండి అరుస్తుంటే నిశ్చింతగా కూర్చో. అరవకపోతే, ఎవరేమన్నా సరే, ఆపించి దిగిపో.

నీ దీవెనలు కోరే చెల్లెలు,
సుభద్ర