ఇంజనీరు గారి మౌనం

ప్రియమైన మైకత్తకి,

నువ్వు చదివి రికార్డు చేసి పంపిన మొదటి మూడు అధ్యాయాలూ అందాయి. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావేమో. ఫోన్‌లో మనిద్దరం ఒకేసారి మాట్లాడతాం, ఎవరి మాటా ఎవరికీ వినపడదు. ఉత్తరమైతే నా కంప్యూటరు చదివి వినిపిస్తుంది, మధ్యలో అడ్డు రాదు.

ఈ వంతెనల చరిత్ర పుస్తకాన్ని కూడా కంప్యూటరే చదివిపెట్టేది, లైబ్రరీ వాళ్లు సరిగ్గా స్కాన్ చేసి ఇస్తే. అర్జీ పెట్టి రెండేళ్లయింది, "పరిశీలనలో ఉంది" అంటున్నారు. చూపు లేని పిల్లకి వంతెనల మీద పరిశోధన ఏమిటని మా యూనివర్సిటీ ఆఫీసు గుమాస్తా ఇప్పటికీ గొణుగుతూనే ఉన్నాడు. ఈ థీసిస్‌లో ఒక్క తప్పు దొర్లినా నాతో పోదు, నా తర్వాత వచ్చేవాళ్ల నెత్తిన కూడా పడుతుంది.

చిన్న విన్నపాలు. ప్రతి పేరానీ రెండుసార్లు చదవక్కర్లేదు. నువ్వు బస్టాండు మైకు వదిలి రిటైరయ్యావు. అధ్యాయం చివర "మీ సామానుకు మీరే బాధ్యులు" అని కూడా పుస్తకంలో ఉండదనుకుంటాను. మూడో అధ్యాయంలో వంతెన స్తంభం కూలి చీఫ్ ఇంజనీరుకి కాలు బెణికిందనీ, భార్య కాపడం పెట్టిందనీ చదివావు. ఆ తర్వాత ఆయన ఊసే లేదు. ఏమయ్యాడు? నా పరిశోధనకి ఆయనే ఆయువుపట్టు.

నీ మేనకోడలు,
ప్రశ్నమ్మ

తా.క. "ఉప్పు ఎక్కువైంది" అన్న వాక్యం పుస్తకంలోదా, మామయ్యదా? ఇనుప స్తంభాలు తుప్పు పట్టడానికి అదే కారణమని రాసేశాను.

*

మా ప్రశ్నమ్మకి, మైకత్త ఒంటివేలితో టైపు కొడుతూ దీవించి రాయునది,

ఉప్పు మీ మామయ్యది. ఆ కూర వండింది కూడా ఆయనే, మాట పడింది మాత్రం నేను. ఆ తుప్పు సంగతి కొట్టెయ్.

రెండుసార్లు చదవడం మానేస్తాలే. ఒకసారి చెప్తే ఎవరికీ ఎక్కదని ఉద్యోగంలో నేర్చుకున్నాను, నువ్వు చదువుకున్నదానివి కనక ఎక్కుతుందేమో.

ఇంజనీరు గారి గురించి దిగులు పెట్టుకోకు. కాలు నయమైంది. ఇంటిపట్టున ఉన్నాడు. తర్వాత ఏమీ మాట్లాడలేదు, అంతే. ఏ పేజీ అని మాత్రం అడగకు, పేజీ నంబర్లు మరీ సన్నగా వేశారు.

నీ మేలు కోరే
మైకత్త

తా.క. ఆయన ఫొటో ఉంది పుస్తకంలో. మీసాలు ఎంత బాగున్నాయో! అలాంటి మీసాలున్న మనిషికి ఏమీ కాకూడదే.

*

అత్తా,

మిగతా అధ్యాయాల రికార్డింగులూ అందాయి. నీ ఉత్తరంలో ఒక్క మాట నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. "తర్వాత ఏమీ మాట్లాడలేదు" అన్నావు. అంత పెద్ద వంతెన కూలితే చీఫ్ ఇంజనీరు విచారణలో నోరు విప్పడా? పత్రికలకి ఒక్క ముక్క రాయడా? భయమా, సిగ్గా, పైవాళ్లు నోరు నొక్కేశారా, లేక తప్పు తనదేనా? ఈ నాలుగు కారణాలతో "ఇంజనీరు గారి మౌనం" అని పెద్ద అధ్యాయం రాశాను. మా గైడ్ గారు చదివి, "ఇన్నాళ్లూ ఇది ఎవరికీ తట్టలేదమ్మా!" అన్నారు. అత్తా, నేను ఇంత సంతోషంగా ఎప్పుడూ లేను.

థీసిస్ పరీక్షించేది కత్తెర మాస్టారు. ఈ రంగంలో పెద్ద తలకాయ. ఆయన చేతిలో పడ్డ థీసిస్ సగమై తిరిగొస్తుందని ఆ పేరు పెట్టుకున్నాం.

ఉండనా మరి,
ప్రశ్నమ్మ

తా.క. ఇంజనీరు తర్వాత ఎన్నాళ్లు బతికాడు? మౌనం ఎంతకాలం సాగిందో రాయాలి.

*

బంగారుతల్లికి, మైకత్త దీవెనలు,

చాలాకాలం బతికాడు. పండు ముసలి అయ్యాడు. మనవరాలిని చంకనేసుకుని నది ఒడ్డున తిరిగేవాడు.

అది సరే గానీ, ఆ మౌనం అధ్యాయం అంత పొడుగు ఎందుకే? కాస్త కుదించకూడదూ? అసలు తీసేస్తే మాత్రం కొంప మునుగుతుందా? వంతెనల గురించి రాయమంటే మనుషుల గురించి రాస్తావేమిటి? ఊరికే అంటున్నాలే. నీ ఇష్టం.

ఆశీస్సులతో,
మైకత్త

తా.క. నీ నాలుగు కారణాలూ మామయ్యకి చదివి వినిపించాను. "పెళ్లయిన దగ్గర్నుంచీ నేనూ మౌనమే" అన్నాడు. ఐదో కారణంగా వేసుకో. మనవరాలి పేరు అడగకు.

*

మైకత్త గారికి,

లైబ్రరీ వారి పరిశీలన ముగిసింది. నేను థీసిస్ ఇచ్చేసిన మర్నాడు పుస్తకం స్కాన్ చేసి పంపారు. కంప్యూటరుకి దయాదాక్షిణ్యాలు లేవు. మూడో అధ్యాయంలో, ఉన్నదున్నట్టు, "చీఫ్ ఇంజనీరు అక్కడికక్కడే మరణించెను" అని చదివింది. నమ్మలేక మళ్లీ చదివించాను. మళ్లీ మరణించాడు.

చనిపోయిన మనిషి ఎందుకు మాట్లాడలేదో అధ్యాయం రాశాను అత్తా! అసలు కారణం తప్ప అన్నీ ఉన్నాయి అందులో.

కోపం కంటే ఏడుపే ఎక్కువ వస్తోంది. ఆ పేజీలో ఏముందో తెలుసుకోవడానికి నాకు నీ గొంతు తప్ప ఇంకో దారి లేదు. నేను ఏది తట్టుకోగలనో, ఏది తట్టుకోలేనో నువ్వెలా తేలుస్తావు? ఆఫీసు వాళ్లూ అదే పని చేస్తున్నారు, కాకపోతే వాళ్లకి నా మీద ప్రేమ లేదు.

పైగా నాలాంటి వాళ్లకి పనికొస్తాయని నీ రికార్డింగులు లైబ్రరీకి ఒక కాపీ ఇచ్చాను. ఎవరెవరు విని చెడిపోయారో! వచ్చే వారమే వైవా. కత్తెర మాస్టారి ఎదుట కూర్చుని అడిగినదానికల్లా జవాబు చెప్పాలి.

ఇట్లు,
మీ మేనకోడలు

తా.క. మనవరాలి పేరేమిటి?

*

తల్లీ,

తప్పయింది. ఎక్కడైనా బస్సు బోల్తా పడితే మా ఆఫీసరు చీటీ పంపేవాడు, "ఆలస్యంగా నడుస్తోందని చెప్పు" అని. బెంచీల మీద కూర్చున్నవాళ్ల మొహాలు చూస్తూ అలాగే చెప్పేదాన్ని. నోటికి అదే అలవాటైపోయింది. ఆ ఇంజనీరు ముందు పేజీలోనే కూతురికి ఉత్తరం రాశాడు, రిబ్బన్లు తెస్తానని. పేజీ తిప్పితే పోయాడు. నాకు నోరు రాలేదు.

కానీ నువ్వు చెప్పింది నిజం. నువ్వు చదువుకోవడానికి కళ్లు అడిగావు, నేను మధ్యలో నా మనసు అడ్డం పెట్టాను. కత్తెర మాస్టారి చిరునామా పంపు. తప్పంతా నాదేనని నేనే రాస్తాను.

సిగ్గుతో,
అత్త

తా.క. మనవరాలికి పేరు పెట్టలేదు. గట్టిగా అడిగితే నీ పేరే చెప్పేదాన్ని. ఇంకో మాట, ఐదో అధ్యాయంలో ఇద్దరు మేస్త్రీలు కూడా పోయారు. నేను వాళ్లని వేరే వంతెనకి బదిలీ చేశాను.

*

మైకత్తా,

చిరునామా పంపను. అవసరం లేకపోయింది.

నిన్న వైవా. గదిలో గైడ్ గారు, డిపార్టుమెంటు పెద్దలు, గొణుగుడు గుమాస్తా. ఎవరూ అడక్కముందే చెప్పేశాను. "మౌనం మీద రాసిన అధ్యాయం వెనక్కి తీసుకుంటున్నాను. సరిచూసుకోకపోవడం నా తప్పు. ఇంజనీరు ఆ ప్రమాదంలోనే చనిపోయాడు" అన్నాను. గుమాస్తా గొణుగుడు నాకు వినపడింది.

కత్తెర మాస్టారు ఉలిక్కిపడి, "చనిపోవడమేమిటమ్మా? కాలు బెణికితే భార్య కాపడం పెట్టింది కదా!" అన్నారు.

అత్తా, కాపడం సంగతి నేను థీసిస్‌లో రాయలేదు, అనవసరమని వదిలేశాను. అది నీ రికార్డింగులో తప్ప ఈ లోకంలో ఎక్కడా లేదు.

ఆయనకీ సంగతి అర్థమైంది. అందర్నీ టీ తాగి రమ్మని పంపించి తలుపు వేయించారు. చూపు తగ్గిపోతూ చాలాకాలమైందట. భార్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు. నా థీసిస్ ఆవిడే చదివి వినిపించిందట. "మా విద్యార్థి కోసం" అని చెప్పి లైబ్రరీ నుంచి నీ రికార్డింగులు పట్టుకెళ్లి వింటున్నారు. చూపు బాగున్న రోజుల్లో ఆ పుస్తకం చదివానని అందరికీ చెప్పుకున్నారే గానీ, చదవలేదట.

ఇంజనీరు నిజంగానే పోయాడా అని రెండుసార్లు అడిగారు. తర్వాత, "అందరికీ తెలిసిపోతుందని నీకు ఎప్పుడూ భయం వెయ్యలేదా అమ్మా?" అని అడిగారు.

"నాకు దాచుకునే వీలెక్కడుంది సార్? నాకంటే ముందు నా కర్ర వెళ్లి చెప్పేస్తుంది" అన్నాను. ఆయన నవ్వారు. నవ్వుతూనే తలుపు తియ్యమన్నారు.

అందరూ తిరిగొచ్చాక లేచి, ఉన్నది ఉన్నట్టు వాళ్లకీ చెప్పేశారు. ఆ అధ్యాయం తీసేసి మళ్లీ ఇమ్మన్నారు, డిగ్రీ ఖాయం. తర్వాత గుమాస్తాని కూర్చోబెట్టి అర్జీ రాయించారు. లైబ్రరీలో పుస్తకాలన్నీ వినడానికి వీలుగా కావాలి, విద్యార్థుల కోసం అని కాదు, నా కోసం అని రాయి అన్నారు. నాకు రెండేళ్లు పట్టిన పరిశీలన సాయంత్రానికల్లా అయిపోయింది. దానికి సంతోషించాలో మండిపడాలో తెలియక రెండూ చేశాను.

కోపం పోయిన నీ
ప్రశ్నమ్మ

తా.క. నీ గొంతంటే మాస్టారికి మహా ఇష్టం. స్కానింగు అయ్యేలోపు ఆయనకి ఇంకో పుస్తకం నువ్వే చదివిపెట్టాలట, పార్సిల్ వస్తోంది. ముందే కనుక్కున్నాను, అది వరదల చరిత్ర. నీకు దణ్ణం పెడతాను, ఒక్కరిని కూడా బతికించకు.