డోరీన్ గొంతు పలికే జత

యార్క్‌షైర్, టాడ్‌మర్డన్ పట్టణంలో కాలవగట్టు వరస ఇళ్ళలో చివరి ఇంట్లో ఉంటున్న క్లెమెంట్ బారక్లఫ్ అనే నేను, ఒకప్పుడు రేడియోలు, టీవీలు బాగుచేసి బతికినవాణ్ణి, ఆపైన పాత స్పీకర్లు సేకరించి బాగుచేయడమే బతుకు చేసుకున్నవాణ్ణి, ఎవరి బలవంతమూ బోధనా లేకుండా నా చేత్తో రాసుకుంటున్న కడపటి వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవి ఏవైనా ఉంటే అవి రద్దు. నా మనసు స్థిమితంగానే ఉంది. చెవుల గురించి ఆ మాట అనలేను, ఆ సంగతి ఆరో అంశంలో వస్తుంది. ఊపిరితిత్తుల్లో గడ్డ చూసిన డాక్టరు, నేను క్రిస్మస్ మాట ఎత్తితే చాలు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. కాబట్టి ఆలస్యం చేయడానికి లేదు.

1. ఈ వీలునామాను అమలు జరపవలసినది హాలిఫాక్స్‌లో లాయరైన తాహిరా మహ్మూద్. చిత్తు చూసి, "అంకుల్, ఇందులో సగం కోర్టుకి అక్కర్లేదు, తీసేద్దామా?" అంది. నాకు కావాలి. ఒక్క మాట తీసినా ఒప్పుకోను. మాకు పిల్లలు లేరు. ఇల్లు అద్దెది. ఉన్న ఆస్తి అంతా చెక్కపెట్టెల్లోనే ఉంది.

2. నా అంత్యక్రియలకు చాపెల్ గోడలకు తగిలించిన ఆ ప్లాస్టిక్ డబ్బాల్లోంచి ఏ పాటా వినిపించకూడదు. ఊరికే కూర్చోండి. నాకు అదే మర్యాద.

3. పక్కింటి గ్లెండా క్రాబ్‌ట్రీకి నా వంటింట్లోని చిన్న స్పీకర్ల జతను సర్వహక్కులతో ఇస్తున్నాను. డోరీన్, అంటే నా భార్య, పోయిన దగ్గర్నుంచి ఆదివారం ఆదివారం వేయించిన మాంసమూ గ్రేవీ పళ్ళెంలో పెట్టి గోడ మీదుగా అందిస్తున్న మనిషి. వాటి మీద పూలకుండీ పెట్టకూడదని షరతు. పెడుతుందని తెలుసు. కనీసం కింద ఒక సాసరు పెట్టమ్మా. పైన అతికించిన టేకు పొర చాలా పల్చన, నీళ్ళు తగిలితే ఉబ్బిపోతుంది.

4. డెస్మండ్ హార్స్‌ఫాల్‌కి. వీడు మా స్పీకర్ల సంఘానికి కార్యదర్శి, నాకు శని. స్పీకర్లు జతగా పుడతాయి. ఫ్యాక్టరీలో ఒకదాని పలుకు ఇంకోదానితో సరిచూసి, వరస నంబర్లు వేసి పంపేవారు. జోడీ తప్పిపోతే మిగిలింది ఒంటి చెప్పుతో సమానం. నా దగ్గర అలాంటిది ఒకటి ఉందని డెస్మండ్‌కి బాగా తెలుసు. దాని జోడీ హడర్స్‌ఫీల్డ్ పాతసామాన్ల సంతలో కనిపిస్తే నా కళ్ళముందే కొనుక్కున్నాడు. అమ్మరా బాబూ అని నోరు విడిచి అడిగితే, "తొందరేముంది క్లెమ్, నువ్వు పోయాక నీదే నా దగ్గరికి వస్తుందిలే" అన్నాడు, టీలో బిస్కెట్టు ముంచుకుంటూ. వాడి నోట్లో మన్నుపడ, అదే నిజమైంది. నాది వాడికే రాస్తున్నాను. క్షమించానని అనుకోవద్దు. మా ఇద్దరి పంతానికి ఆ రెండూ ఇన్నాళ్ళు విడివిడిగా పడున్నాయి, ఇక చాలు.

5. నా పనిముట్లన్నీ శనివారాలు మెథడిస్టు హాల్లో చేరి ఊరివాళ్ళ సామాన్లు ఊరికే బాగుచేసిపెట్టే వాళ్ళకు. కోను, అంటే స్పీకరులో కదిలి శబ్దం పుట్టించే కాగితపు గరాటు, దాని చుట్టూ ఉండే ఫోము అంచు ఎప్పటికైనా పొడి అయిపోతుంది, అది దాని రాత. కొత్తది అంటించాక ఆరేదాకా ఆగి, కోనును వేళ్ళతో మెల్లగా లోపలికి నొక్కి చూడండి. గరగర వినిపిస్తే నడిమికి రాలేదన్నమాట. విప్పి మొదటికి రావాలి. నేను చాలాసార్లు మొదటికి వచ్చాను.

6. ఇక డోరీన్ జత.

ముందుగదిలో నిప్పుగూటికి అటూ ఇటూ ఉన్న పెద్ద జతను నా మరదలు, డోరీన్ చెల్లెలు మావిస్ ఫీల్డెన్‌కి ఇస్తున్నాను. మావిస్ కొండ అవతల బర్న్‌లీలో ఉంటుంది. పెళ్ళి చేసుకుని, మా యార్క్‌షైర్‌వాళ్ళకు తరతరాలుగా పడని లాంకషైర్‌కి పోవడం ఆమె మొదటి తప్పు. రెండోది ఇప్పుడు చెబుతాను. ఈ దానానికి షరతు ఉంది, ఆ షరతు ఎందుకో తెలియాలంటే మా పని తెలియాలి.

వాద్యాలతో స్పీకరును పరీక్షించేవాడు తనను తాను మోసం చేసుకుంటాడు. ఏ వయొలిన్ ఎలా మోగాలో ఎవడు చూడొచ్చాడు? మనిషి గొంతు అలా కాదు. రోజూ వినే గొంతులో వీసమెత్తు తేడా వచ్చినా పట్టేస్తాం. అందుకని గాలి లేని ఒకనాడు డోరీన్‌ను కొండమీదికి తీసుకెళ్ళి, గోడల మారుమోత కలవకుండా ఆమె మాట టేపు మీద పట్టాను. ట్వీటరు, అంటే సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకరు, సరిగ్గా ఉందో లేదో 'స' చెబుతుంది. స ఎక్కువ ఉన్న మాటలు నువ్వే చెప్పు అన్నాను. ఆలోచించలేదు కూడా. "సోఫా అమ్మేసి స్పీకర్లు సర్దేశావు, సిగ్గూ శరమూ లేని సన్నాసీ! సాయంత్రం చుట్టాలొస్తే సందులో కూర్చోబెట్టనా?" అని అందుకుంది. అదే టేపు.

స్పీకరు బాగుచేయడం అయ్యాక ముందుగదిలో పల్చని తెర కట్టేవాణ్ణి. తెర వెనక స్పీకరు, దాని పక్కన డోరీన్. ఒకసారి టేపు, ఒకసారి తను. ఏది మనిషో నేను చెప్పలేకపోతే స్పీకరు నెగ్గినట్టు. నన్ను ఏడిపించడానికి ఒక్కోసారి రెండుసార్లూ తానే చెప్పేది. నేను 'మొదటిది టేపు' అని గంభీరంగా తేలిస్తే తెర పట్టుకుని ఊగిపోతూ నవ్వేది. జనం తెచ్చిన స్పీకర్లన్నీ అలాగే పరీక్ష అయ్యాయి. ఆమె పోయాక తెర కట్టలేదు. టేపు ఒకవైపు, నా జ్ఞాపకం ఒకవైపు.

అంత్యక్రియలు అయినరోజు, జనం హాం శాండ్‌విచ్‌లు తింటూ ఉండగా, ఆ జతలో టేపు పెట్టాను. నా దగ్గర అంతకంటే ఇవ్వదగినది ఏముంది? మావిస్ కప్పు కింద పెట్టి లేచింది. "ఇది మా అక్క గొంతు కాదు. ఆపెయ్ బావా" అంది. కోటు తీసుకుని వెళ్ళిపోయింది. అంతమందిలో నా జీవితం పనికిరాదని చెప్పినట్టు అయింది నాకు. ఆమె పండక్కి కార్డులు పంపింది. నేను పంపలేదు.

మొన్న వసంతంలో డోరీన్ 'స' మొద్దుబారినట్టు వినిపించింది. సన్నాసీ అన్నచోట పంటిమధ్య గాలి లేదు. ట్వీటరులో పాతబడ్డ భాగాలు మార్చాను. మళ్ళీ మార్చాను. కొంత పదును పెంచాను. అప్పుడు చెవుల డాక్టరు దగ్గరికి వెళితే, సన్నని శబ్దాలు రెండు చెవులకూ అందడం లేదని చెప్పింది. ఎప్పటినుంచి అంటే చెప్పలేనంది. ఇంటికి వచ్చి టేపు వెలుతురులో పట్టి చూస్తే, టేపురికార్డరు హెడ్డు రాసుకునే వైపు గోధుమరంగు పూత అరిగి మెరుస్తోంది. పెట్టిన ప్రతిసారీ కాస్త కాస్త ఊడుతుంది. సన్నని శబ్దాలే ముందు పోతాయి. పరీక్ష కోసమని ఆ టేపును నేను ఎన్నిసార్లు పెట్టానో దేవుడికే తెలియాలి. ఇంకో నకలు తీసి ఉంచుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. నకలులో పలుకు పోతుందని తీయలేదు.

కాబట్టి చెడిపోయింది టేపా, నా చెవులా, నేను చేతులారా మార్చిన ఆ స్పీకర్లా? నాకు తెలియడం లేదు. తెలుసుకునే దారి లేదు. నేను పోతే ఆమె మాట్లాడటం పూర్తిగా ఆగిపోతుంది. ఇప్పటికే ఆగిపోయి ఉంటే, నేను వింటున్నది ఎవరిని? ఇది తలుచుకుంటే ఊపిరాడదు, అది గడ్డవల్ల మాత్రం కాదు.

డోరీన్ గొంతు తాను పుట్టినప్పటినుంచి విన్న మనిషి భూమ్మీద మావిస్ ఒక్కతే. షరతు ఇది: నేను బతికుండగా ఆమె ఈ ఇంటికి వచ్చి, ఆ రెండు స్పీకర్ల మధ్య కూర్చుని, ఒక్కసారి విని, అవునో కాదో చెప్పాలి. అవునంటే మంచిది. కాదంటే ఎక్కడ కాదో చెబితే, ఇంకా చేతులు వణకడం లేదు, సరిచేస్తాను. మావిస్, నువ్వు ఆరోజు అన్నమాట తప్పని రుజువు చేయడానికి కాదు పిలుస్తున్నది. దయచేసి రా. ఈ మాట నేను ఎవరికీ రాయలేదు.

7. పైవి సోమవారం రాశాను. తాహిరా ఆరో అంశం నకలు మావిస్‌కి పంపింది. ఈరోజు సంతకాలకు తాహిరా వచ్చిన కాసేపటికి మావిస్ బస్సులో వచ్చింది. చిన్నగా అయిపోయింది. నా కుర్చీలో కూర్చోబెట్టి టేపు పెట్టాను. నేను వినలేదు, ఆమె మొహమే చూస్తున్నాను.

అయిపోయాక చేతిసంచి ఒళ్ళోంచి తీసి కింద పెట్టింది. తర్వాత అన్న మాటలు ఉన్నవున్నట్టు రాస్తున్నాను. "నాకు తెలీట్లేదు బావా. అక్క మొహం గుర్తుంది. చేతులు గుర్తున్నాయి. గొంతు గుర్తు లేదు. ఎప్పుడు పోయిందో కూడా తెలీదు. ఒకరోజు తలుచుకుందామని చూస్తే లేదు." ఆరోజు కాదన్నావు కదా అన్నాను. "అప్పుడే కదా మట్టిలో పెట్టొచ్చాం. ఆ పెట్టెలోంచి నిన్ను తిడుతుంటే ఏమనమంటావు? అచ్చం అక్కే. అందుకే ఆపమన్నాను."

అంటే అప్పటికి ఆ జత సరిగ్గానే పలికింది. ఇన్నాళ్ళ కోపానికి బదులు ఆ పదునును అలాగే ఉంచుకుని ఉండాల్సింది. ఇప్పుడు మార్చేశాను. వెనక్కి తేవడానికి, ఇదీ డోరీన్ అని చెప్పగల చెవి ఒక్కటీ లేదు. నాకు ఏడుపు వచ్చింది, తాహిరా ముందే ఏడ్చాను.

"ఇంకోసారి పెట్టు బావా" అంది మావిస్. పెడితే అరుగుతుంది. పెట్టాను. మళ్ళీ అంది, మళ్ళీ పెట్టాను. మూడోసారికి ఆమె సన్నాసీ దగ్గర నవ్వుతోంది. ఇకనుంచి మావిస్‌కి అక్క గొంతు అంటే ఇదే. తప్పో ఒప్పో, ఇదే గుర్తుంటుంది. ఆపడానికి నాకు మనసు రాలేదు.

షరతు నెరవేరలేదు. అయినా జత ఆమెకే ఇస్తానన్నాను. సంతకాల దగ్గర కొత్త చిక్కు వచ్చింది. ఇద్దరు సాక్షులు కావాలి, ఒకరు తాహిరా, రెండో సాక్షిగా నేను గ్లెండాను పిలిచాను. వీలునామాలో ఏదైనా అందుకునే మనిషి దానికి సాక్షిగా ఉంటే, ఆ మనిషికి రాసింది చెల్లదని తాహిరా చెప్పింది. గ్లెండా తన చిన్న జత పోతుందని బెంబేలెత్తి ఇంట్లోకి వెళ్ళిపోయింది. తాహిరా ఇంకో రోజు వస్తానంది. నాకు ఇంకో రోజు మీద నమ్మకం లేదు. మావిస్ కళ్ళజోడు తీసి పెట్టుకుంది. "పెన్ను ఇలా ఇవ్వమ్మా." తనకు రాసింది పోతుందని తాహిరా రెండుసార్లు చెప్పింది. "పోనీ. అక్క గొంతుకి సాక్ష్యం చెప్పలేకపోయాను. బావ సంతకానికైనా చెప్తాను" అంది.

8. కాబట్టి డోరీన్ జత, టేపుతో సహా, నా మిగతా ఆస్తితో పాటు బజారువీధిలో హాస్పిస్‌వాళ్ళు, అంటే చివరి రోజుల్లో ఉన్న రోగులను చూసుకునేవాళ్ళు, నడిపే పాతసామాన్ల దుకాణానికి చెందుతుంది. విడదీసి అమ్మకూడదు. అట్టముక్క మీద ఈ మాటలు రాసి పైన పెట్టవలసింది: 'రెండూ పలుకుతాయి. నిజం పలుకుతున్నాయో లేదో చెప్పగలవారు లేరు.'

అక్టోబరు 17, 2019, గురువారం, టాడ్‌మర్డన్.

(సంతకం) క్లెమెంట్ బారక్లఫ్

మా ఇద్దరి ఎదుట ఆయన సంతకం చేయగా, ఆయన ఎదుట మేము చేసిన సంతకాలు:

తాహిరా మహ్మూద్, లాయరు, హాలిఫాక్స్

మావిస్ ఫీల్డెన్, బర్న్‌లీ. డోరీన్ చెల్లెలు