బస్సెక్కే లాప్‌టాప్

కరీంనగర్, గురువారం

ప్రియమైన ఫిలిప్‌కు, వందనాలు.

ఈసారి బస్సులో మన లాప్‌టాప్ అందాక కాస్త చూసి తెరువు. నా కోడింగ్ ట్రైనింగ్‌కు విండోస్ కాకుండా లినక్స్ అనే ఇంకో సిస్టమ్ కావాలన్నారు. విండోస్ పక్కనే దాన్నీ ఎక్కించాను. ఆన్ చేయగానే రెండింట్లో ఏది కావాలని అడుగుతుంది. వెంటనే విండోస్ ఎంచుకో, నీ చర్చి పాటలు అందులోనే ఉన్నాయి. ఊరికే కూర్చుంటే దానంతటదే లినక్స్‌లోకి వెళ్లిపోతుంది. సోమవారం పొద్దున బస్సులోనే తిరిగి పంపు. ఉద్యోగ పరీక్ష దగ్గరికొచ్చింది, అది లేకుంటే చేతులు కట్టేసినట్టుంటుంది. ఫోన్‌లో ఎలాగూ ఆఁ, ఊఁ తప్ప మాట్లాడవు, లాప్‌టాప్ బ్యాగులో ఉత్తరం పెట్టడం మాత్రం మరవకు.

నీ స్తుతి

ఖానాపూర్, ఆదివారం

ప్రియమైన స్తుతికి,

నవ్వకు. చర్చిలో ప్రొజెక్టర్ పెట్టి లాప్‌టాప్ మిషన్ ఆన్ చేశాను. ఏది కావాలని అడిగింది. సరిగ్గా అప్పుడే పాస్టర్ గారు ప్రార్థన మొదలుపెట్టారు, నేను కళ్లు మూసుకున్నాను. ఆమెన్ అని తెరిచేసరికి గోడ మీద నీ లినక్స్. ఎంత వెతికినా పాటలు దొరకలేదు. సంఘమంతా నన్నే చూస్తోంది. ఆనందమ్మ లేచి, "పరేషాన్ గాకు కొడుకా, గా పాట నాకొస్తది" అని ఎత్తుకుంది. అందరూ అందుకున్నారు.

ఇంటికొచ్చి ఆలోచించాను. నా విండోస్ తీసేయ్. మిషన్ మొత్తం నువ్వే ఉంచుకో, ఇక పంపకు. నీకు ఉద్యోగం రావాలి.

ఫిలిప్

కరీంనగర్, శుక్రవారం

ప్రియమైన మొండి మనిషికి,

పంపకు అని ఎంత తేలిగ్గా రాశావు. చదివి ఏడ్చాను. బ్యాగు రాకపోతే నీ ఉత్తరం దేంట్లో వస్తుంది?

మా సార్‌ను అడిగి, విండోస్ పక్కన ఎక్కించిన లినక్స్‌ను తీసేశాను. దాన్ని మళ్లీ విండోస్ లోపలే ఎక్కించాను, ఇప్పుడది మామూలు యాప్‌లాగా తెరుచుకుంటుంది. నా పనికి అది చాలు. ఇక మిషన్ నిన్నేమీ అడగదు, నిశ్చింతగా ప్రార్థన చేసుకో. పరీక్ష సోమవారమే, అయినా ఈ పొద్దుటి బస్సులో పంపుతున్నాను. నీ ఉత్తరం లేకుంటే నాకు చదువు ఎక్కదు.

నీ స్తుతి

కరీంనగర్, శనివారం

ప్రియమైన స్తుతికి,

పైన ఊరి పేరు చూసి తికమకపడకు. మీ హాస్టల్ ముందు కూర్చునే రాస్తున్నాను. నిన్న బ్యాగు అందింది. మిషన్ తెరిచి చూశాను, ఏమీ అడగకుండా నేరుగా తెరుచుకుంది. పొద్దున మొదటి బస్సెక్కి నేనే పట్టుకొచ్చాను. పరీక్ష ముందర అది నీ దగ్గర లేకపోతే నాకు నిద్ర పట్టదు.

రేపటి పాటలు ఆనందమ్మ చూసుకుంటానంది. సంఘానికి మిషన్ అక్కర్లేదు స్తుతీ. వారం వారం దాన్ని పంపమన్నది నీ ఉత్తరం కోసమే. ఇకనుంచి దాన్ని బస్సెక్కించకు, శనివారాలు నేనే ఎక్కుతాను.

మగవాళ్లను లోపలికి రానివ్వరట. బ్యాగు వార్డెనమ్మకు ఇస్తున్నాను. గేటు బయట టీ కొట్టు దగ్గరున్నాను, చదివింది చాలు, రా.

నీ ఫిలిప్