స్టీలు పలకలో విరిగిన ట్యాప్

మంగళవారం, 1973

గనిలో నీళ్లు తోడే పంపుకి బిగించాల్సిన స్టెయిన్‌లెస్ స్టీలు పలక అది. గని పైన షెడ్డులో, బోల్టులు పట్టేలా దాని రంధ్రాల్లో ట్యాప్ అనే ఉక్కు పనిముట్టుతో మర కోస్తున్నాను. ఆ స్టీలుకి తొందర పనికిరాదు. నూనె పోస్తూ అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి తిప్పాలి.

"ఏందిర గా నాన్చుడు? జల్ది తిప్పాలె!" అంటూ ఫోర్‌మన్ పిడి లాక్కుని తనే తిప్పాడు. ట్యాప్ టప్పున విరిగింది. సగం లోపలే ఇరుక్కుపోయింది.

ఎవరు విరగ్గొట్టారో కాగితం మీద రాస్తేనే స్టోరులో కొత్త ట్యాప్ ఇస్తారు.

"నీ పేరు రాయి" అన్నాడు.

"తిప్పింది మీరు సారూ. మీ పేరే రాస్త."

"రేపే నిన్ను గనిలకు దింపిస్త!"

అయినా ఆయన పేరే రాసి వచ్చాను. దింపితే దింపనీ. విరిగిన ముక్క పలకలోనే ఉంది. దాన్ని బయటికి తీయడం ఆ షెడ్డులో నా ఒక్కడికే వచ్చు.