టీవీలో కదిలిన గడ్డిలారీ

ఎమ్మిగనూరు దగ్గరి పల్లె, ఏప్రిల్ 1987

ప్రియమైన యూనుస్ బాయికి,

ఇంట్లో అందరం బాగున్నాం. ఎద్దులు బాగాలేవు. రెండేళ్లుగా వాన లేదు. జొన్నచొప్ప అయిపోయింది. కొట్టం కప్పు పీకి మేతగా వేశాను, అదీ అయిపోయింది. వచ్చే సంతకు ఎమ్మిగనూరు తోలుతాను. ఇప్పుడు సేద్యగాళ్లు కొనడం లేదు, కసాయి కోతకు కొనేవాళ్లే ఉన్నారు. అమ్ముతానన్నానని నా భార్య భీమమ్మ నాతో మాట్లాడటం మానేసింది. ఆదోనిలో బండికి కట్టుకునేవాళ్లు ఎవరైనా ఉంటే రాయి.

నీ రామన్న

*

ఆదోని

ప్రియమైన తమ్ముడు రామన్నకు,

ఎద్దులను అమ్మవద్దు. మన టీ హోటల్లో టీవీ పెట్టాను కదా. అందులో వారం వారం ఒక ఇంటివాళ్ల నవ్వుల సీరియల్ వస్తుంది. నిన్న దాన్ని కరువు సహాయం కోసం ప్రత్యేకంగా వేశారు. ఆ ఇంటి పిసినారి తాత కూడా మనసు కరిగి లారీ నిండా గడ్డి ఎత్తించాడు. 'కర్నూలు జిల్లా కరువు పల్లెలకు' అని లారీకి గుడ్డ కట్టారు. లారీ కదిలింది, నా కళ్లతో చూశాను. చివర అందరూ వరుసగా నిలబడి, చేతనైనంత పంపమని దండం పెట్టారు. నా మాట విని కొన్నాళ్లు ఆగు.

మీ మేలు కోరే యూనుస్

*

ప్రియమైన బాయికి,

సంత పోయింది. నీ మాట మీద ఎద్దులను తోలలేదు. నీ ఉత్తరం చదివి పక్కింటి దుర్గప్ప ఊరంతా చెప్పాడు. మిగిలినవాళ్లూ పశువులను అమ్మకుండా కూర్చున్నారు. రోడ్డు మీద మోత వినబడితే అందరం అటే చూస్తున్నాం. ఎర్రెద్దు పడుకుంది. లేపితే లేస్తుంది, నిలబడదు. లారీ ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కుని రాయి.

రామన్న

*

ప్రియమైన రామన్నకు,

ఇది అందగానే పశువులను అమ్మేయండి. లారీ రాదు. నీ ఉత్తరం విని మా ఆవిడ జహీరా బీ నెత్తి కొట్టుకుంది. "పోయిన నెల ఆ తాత సచ్చిపోయినాడు, మళ్లా వారం లేసి కాఫీ తాగినాడు. అది గూడా నిజమేనా? నాటకం చూసి ఎద్దులు గలాయనకు ఉత్తరం రాస్తారా ఎవరన్నా!" అన్నది. హోటల్‌కు వచ్చే బడి అయ్యవారిని అడిగాను. చందాలు అడిగింది నిజమేనట, గడ్డిలారీ మాత్రం కథలోదట. నీకు ముఖం చూపించలేను.

యూనుస్

*

ప్రియమైన యూనుస్ బాయికి,

నీ ఉత్తరం అందేసరికి ఎర్రెద్దు చచ్చిపోయింది. చేనిలోనే పూడ్చాం. సంతకు తోలి ఉంటే రెండూ కోతకే పోయేవి. కాబట్టి నీ మీద నాకు కోపం లేదు.

నీ ఉత్తరం రాకముందే మేమంతా కలిసి మండలాఫీసుకు పోయి, లారీ ఎక్కడ ఆగిందని అడిగాం. ఆఫీసరుకు ఏమీ అర్థం కాలేదు. దుర్గప్ప ఊరుకోలేదు.

"టీవీలో మా ఊరి పేరే రాసినారంట సార్. ఆదోనంతా సూసినారు. గడ్డి యాడికి పోయినట్టు?"

"ఎప్పుడు చూపించినారప్పా?"

"అదేంది సార్, మీరు సూడలేదా?"

ఆయన ఫోను అందుకుని, మమ్మల్ని బయట కూర్చోమన్నాడు. మా పల్లెకు గడ్డి ఎందుకు పోలేదని ఎవరినో గట్టిగా అడగడం వినబడింది. మొన్న లారీ వచ్చింది. గడ్డి నాసిరకమే. నల్లెద్దు మేస్తోంది. దుర్గప్పకూ ఒకటే మిగిలింది, రెండూ కలిపి సేద్యం చేస్తాం.

లారీ రాదన్న నీ ఉత్తరం ఊళ్లో ఎవరికీ చూపించలేదు. భీమమ్మకు ఒక్కదానికే చదివాను. ఇన్నాళ్లకు నోరు తెరిచింది. "ఆ నాటకమోళ్లు ఈసారి వాన సూపిస్తారేమో కనుక్కోమను" అన్నది.

కనుక్కుని రాయి.

నీ రామన్న